జీపు పుట్టింటికి వెళ్ళొచ్చాం

మిషిగన్ చలికాలం సంగతి ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి చలికాలం మూడు నెలలూ మా ఆవిడ కారు బయట మంచులో నిలబడింది. గ్యారేజీలో దాని చోటుని 1954 నాటి తుప్పు జీపొకటి ఆక్రమించింది మరి. "తలుపుల్లేవు, కప్పు లేదు, కాలు పెడదామంటే అడుగు రేకు కూడా లేదు. ఏముందని కొన్నారు?" అని అడిగింది ఆవిడ. ఇంజనుంది కదా అన్నాను. ఉన్నమాట నిజమే. అది తిరగదన్న సంగతి ఇంటికి తెచ్చాక తెలిసింది.

మేముండే కాంటన్ ఊరికి మూడు గంటల దూరంలో, ఒక రైతు కొట్టంలో ఎండుగడ్డి మోపుల వెనక కనిపించిందా జీపు. ఎత్తు బానెట్, ఆ పక్కొకటి ఈ పక్కొకటి గుండ్రటి దీపాలు. చూడగానే మా కనిగిరి గుర్తొచ్చింది. ఇక బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

పిల్లల కోసం రెండు ముక్కలు. 1940లో అమెరికా సైన్యానికి ఎలాంటి దారిలోనైనా పోగల చిన్న బండి కావలసి వచ్చింది. మొదటి నమూనా చేసింది పెన్సిల్వేనియాలోని బాంటమ్ కంపెనీ. యుద్ధకాలంలో లక్షల్లో తయారుచేసింది మాత్రం ఫోర్డు, టొలీడోలోని విల్లీస్. యుద్ధం అయిపోయాక విల్లీస్‌వాళ్ళు అదే బండిని రైతులకి అమ్మడం మొదలుపెట్టారు. సి.జె. అంటే సివిలియన్ జీపు. 1953లో వచ్చిన సి.జె.-3బిలో, అంతకుముందు పక్కన బ్లాకులో ఉండే ఇన్‌టేక్ వాల్వుల్ని ఇంజను నెత్తిమీదికి మార్చారు. బలం అరవై గుర్రాల నుంచి డెబ్బై దాటింది. ఇంజను పొడుగైంది కాబట్టి బానెట్టూ లేపారు. ఇక్కడ చాలామందికి ఆ ఎత్తు బానెట్ నచ్చలేదు. కానీ ఇదే బండిని లైసెన్సు తీసుకుని మహీంద్రావాళ్ళు మన దేశంలో ఏళ్ళ తరబడి తయారుచేశారు. అందుకని మనకి జీపు ముఖమంటే అదే. తాసిల్దారు దిగినా, ఎస్సై దిగినా, సినిమాలో విలన్ దిగినా అందులోంచే.

మా నాన్న తోలింది కూడా ఆ జీపే. పంచాయతీ సమితిలో బి.డి.ఓ. గారి డ్రైవరుగా చేరి, సమితులు పోయి మండలాలొచ్చాక మండలాఫీసులో రిటైరయ్యారు. మొత్తం ముప్ఫై మూడేళ్ళు.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన నాటినుంచీ మీ నాన్నేం చేస్తారని ఎవరడిగినా "సమితి ఆఫీసులో" అని చెప్పడం నాకలవాటు. అబద్ధం కాదుగా! జీపు కూడా ఆఫీసుదే. అమెరికా వచ్చాక కూడా అదే మాట. మా పిల్లలకీ అంతే తెలుసు.

నాన్న ఏప్రిల్లో వచ్చారు. ఎనభయ్యో ఏడు. "మళ్ళీ ఇంత దూరం రాలేనురా" అని విమానం దిగిన రోజే చెప్పేశారు. రెండోరోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని గ్యారేజీలోకి వచ్చేసరికి, నేనూ మా పదమూడేళ్ళవాడూ ఎడమవైపు ముందు చక్రం నట్టుతో కుస్తీ పడుతున్నాం. పానకి పొడుగాటి పైపు తొడిగి ఇద్దరం దానిమీద ఊగాం. ఫట్‌మని స్టడ్డు విరిగింది.

"ఎడం చక్రానికి ఎడం మరరా అబ్బాయ్. మీరనుకునే బిగించేవైపు తిప్పితేనే అది ఊడిద్ది."

టార్చి వేసి చూస్తే నిజంగానే స్టడ్డు కొసన 'ఎల్' అక్షరం. బండి నడుస్తుంటే నట్లు వదులు కాకుండా ఆ రోజుల్లో ఎడమ చక్రాలకి ఎదురు మరలు పెట్టేవారు. మిగిలిన నాలుగు నట్లూ నాన్న చెప్పినవైపు తిప్పితే బుద్ధిగా ఊడొచ్చాయి.

"తాతయ్యకి ఇదంతా ఎలా తెలుసు?" అన్నాడు మావాడు ఇంగ్లీషులో. "వాళ్ళ ఆఫీసులో జీపుండేదిలే" అన్నాను నేనూ ఇంగ్లీషులోనే. నాన్నకి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి రెండో చక్రం దగ్గరికి వెళ్ళారు.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో ట్రాన్స్‌మిషన్ ఆయిలూ అసిటోనూ కలిపి పోసి వదిలేశాం. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టి, నిప్పు దగ్గర లేకుండా చేయాల్సిన పని ఇది. నాన్న దీనికి ఊరగాయ అని పేరు పెట్టారు. రోజూ సాయంత్రం "ఊరిందా?" అని అడగడం, టాప్ గేరు వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం. పదకొండో రోజున ఫ్యాను రెక్క పావంగుళం కదిలింది. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం.

రోడ్లమీద చల్లే ఉప్పు తినేసిన అడుగుకి కొత్త రేకులు అతకడానికి వెల్డింగ్ క్లాసులకి వెళ్ళాను. నా అతుకులు చూసి నాన్న "పర్లేదు, రంగేస్తే కనపడవు" అన్నారు. బ్రేకుల దగ్గర మాత్రం ఇలా సరిపెట్టుకోలేదు. ఈ జీపులో నాలుగు చక్రాలకీ కలిపి ఒకే బ్రేకు లైను. ఒక్క పైపు కారితే నాలుగూ పోతాయి. అందుకని ప్రతి పైపూ, ప్రతి వాషరూ కొత్తది వేశాం. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్ముని గాలికొట్టి ఊదకండి. మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడవండి. ఆ రెండు రోజులూ పిల్లల్ని గ్యారేజీలోకి రానివ్వలేదు.

డిస్ట్రిబ్యూటర్ పని నాన్నది. పాయింట్ల మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులుండాలని పుస్తకం చదివి, కొలిచే గేజి అందించాను. దాన్ని పక్కన పెట్టి హాక్సా బ్లేడు ముక్కతో సరిచేశారు. తర్వాత నేను దొంగతనంగా గేజి పెట్టి చూస్తే ఇరవై రెండు. ప్లగ్గు వైర్లు తగిలిస్తూ "ఒకటి మూడు నాలుగు రెండు" అని రాగం తీశారు. సిలిండర్లు మండే వరస అది. మా ఏడేళ్ళ అమ్మాయి ఆ వారమంతా ఇంట్లో అదే పాడుతూ తిరిగింది. తెలుగు అంకెలు ఇంత త్వరగా ఏ ఆదివారం బడిలోనూ రాలేదు.

పనిలోనే కథలు. వాగు దాటేముందు ఫ్యాన్ బెల్టు విప్పేసేవారట, రెక్కలు నీళ్ళు చిమ్మి డిస్ట్రిబ్యూటర్ తడిసిపోకుండా. మే నెల ఎండలో పెట్రోలు పంపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోతే పంపుమీద తడి గోనెముక్క కప్పి, బి.డి.ఓ. గారిని వేపచెట్టు కింద కూర్చోబెట్టేవారట. మావాడు వింటున్నాడు. వాడికి అనుమానం వచ్చే ఉంటుంది.

జూలైలో ఒక శనివారం టొలీడో బయల్దేరాం, మా మామూలు కార్లోనే. ఐ-75 మీద దక్షిణంగా గంట ప్రయాణం. ఒహాయో సరిహద్దు దాటిన కాసేపటికే కనిపిస్తుంది, ఇటుకలతోనే 'ఓవర్‌లాండ్' అని అక్షరాలు పేర్చిన పొగగొట్టం. 1910 ప్రాంతాల నుంచి విల్లీస్-ఓవర్‌లాండ్ ఫ్యాక్టరీ ఉన్న చోటది. ఆ పాత ఫ్యాక్టరీలో పని 2006లో ఆగిపోయింది, భవనాలు కూల్చేశారు. పొగగొట్టాన్ని మాత్రం ఉంచారు. ఊళ్ళోనే ఇంకోచోట కొత్త ఫ్యాక్టరీలో రాంగ్లర్ జీపులు ఇప్పటికీ తయారవుతున్నాయి. చూడ్డానికి ఏముందంటే నిజానికి ఏమీ లేదు. చుట్టూ కొత్త షెడ్లు, లారీలు. నాన్న మాత్రం తల పైకెత్తి అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివారు. "మన బండి ఇక్కడే పుట్టిందా!" అన్నారు. మన బండి అంటే మా గ్యారేజీలోదో, కనిగిరిదో నేనడగలేదు.

అక్కడ ఒక పెద్దాయన, తెల్లాయన, మనవరాలికి పొగగొట్టం చూపిస్తున్నాడు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడట. నాన్నని చూపించి, "ఆయనకీ జీపులతో పనుండేదా?" అని నన్నడిగాడు. నా నోటికి అలవాటైన మాట వచ్చేలోగా నాన్న అందుకున్నారు. "చెప్పు. ముప్ఫై మూడేళ్ళు తోలానని చెప్పు."

చెప్పాను. మా నాన్న గవర్నమెంటు జీపు డ్రైవరని, పక్కన మావాడు వింటుండగా, మొదటిసారి చెప్పాను. పెద్దాయన చెయ్యి చాపాడు. పట్టుకున్న చెయ్యి వదలకుండా నాన్న వంకర బొటనవేలు చూసి, "హ్యాండిలా?" అన్నాడు. నాన్న నవ్వారు. చిన్నప్పటినుంచీ చూస్తున్న ఆ వంకర ఎందుకొచ్చిందో నేనెప్పుడూ అడగలేదు.

కారెక్కాక మావాడు తిట్టినంత పని చేశాడు. "ఇంత మంచి సంగతి నాకెందుకు చెప్పలేదు?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటిదాకా వాడు తాతయ్య పక్కనే కూర్చుని ప్రశ్నలమీద ప్రశ్నలు, వచ్చీరాని తెలుగులో.

మిషిగన్‌లో హిస్టారిక్ నంబరు ప్లేటు ఉన్న బండిని మామూలుగా ప్రదర్శనలకీ పరేడ్లకీ మాత్రమే తీయాలి. ఆగస్టు నెలలో మాత్రం మామూలు బండిలా తిరగొచ్చు. అందుకని మా గడువు ఆగస్టు. పదో తారీకున హ్యాండిల్ కొట్టాం. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలనీ, కిందికి తొక్కకుండా పైకి లాగాలనీ నాన్న మాకిద్దరికీ ఉట్టి హ్యాండిల్‌తో అరగంట నేర్పించారు. ఆరోసారి లాగితే అంటుకుంది. వీధంతా నీలం పొగ. ఎదురింటాయన ఫైరింజన్ని పిలవబోయి ఆగాడు.

నాన్నకి ఇక్కడి లైసెన్సు లేదు కాబట్టి మా డ్రైవ్‌వే వరకే. స్టీరింగ్ ఎడమవైపు కదా, ఎక్కి కూర్చోగానే ఆయన ఎడంచెయ్యి గేరు రాడ్డు కోసం గాల్లో తడుముకుంది. నవ్వుకుని చెయ్యి మార్చారు. మెయిల్‌బాక్సు దాకా పోయి, రివర్సులో సూటిగా గ్యారేజీలోకి పెట్టారు. బ్రేకు కొడితే బండి ఇంకా కాస్త ఎడమకి లాగుతోంది, సీట్లకి బట్ట వేయించాలి.

దిగి, ఒక నోటుబుక్కు అడిగారు. స్కేలుతో గళ్ళు గీసి లాగ్‌బుక్ చేశారు. తేదీ, ఎక్కణ్ణించి, ఎక్కడికి, ప్రయాణ ఉద్దేశం. ఉద్దేశం గడిలో "ట్రయలు" అని రాశారు. డ్రైవరు గడిలో ఇంటిపేరుతో సహా తన పేరు తెలుగులో నింపాదిగా రాసి, అధికారి సంతకం గడి చూపిస్తూ పుస్తకం మావాడి ముందుకి జరిపారు. వాడు పెన్ను పట్టుకుని, "తాతయ్యా, నా పేరు తెలుగులో ఎలా రాయాలి?" అని అడిగాడు.