మోతికి మోతంటే భయం

పిల్లలూ! మీలో విజయనగరం చూచినవాళ్లు ఎందరు? చూడనివాళ్లకు రెండు మాటలు చెబుతాను. ఊరి నడుమ పెద్ద రాతికోట ఉంది. 1713లో విజయదశమినాడు దానికి పునాది వేశారని చెబుతారు. కోటకు కొద్దిదూరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, ఆ పక్కనే పైడితల్లి అమ్మవారి గుడి ఉన్నాయి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారంనాడు అమ్మవారి సిరిమాను ఉత్సవం జరుగుతుంది. ఆనాడు చుట్టుపట్ల ఊళ్ల జనమంతా ఇక్కడే ఉంటారు. ఆ సందడి అణిగీ అణగకముందే దీపావళి వస్తుంది.

మా ఇల్లు కోటగోడకు దగ్గర. హెడ్మాస్టరు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకొన్నాక నేనొక కుక్కను పెంచాను. అది జాతికుక్క కాదు. ఒక వానాకాలపు రాత్రి మా అరుగు కిందికి వచ్చి ముడుచుకు పడుకొన్న వీధికుక్కపిల్ల. మోతి అని పేరు పెట్టాం. పెద్దదయ్యాక అది ఆంబోతును కూడా మా గుమ్మం ముందు నిలవనిచ్చేది కాదు. అంత ధైర్యం గల మోతికి మోతంటే మాత్రం చచ్చేంత భయం.

ఒక దీపావళినాటి సంగతి చెబుతాను, వినండి. శ్రీకాకుళంలో ఉంటున్న మా అమ్మాయి కొడుకు, పదేళ్లవాడు, పండుగకు మా ఇంటికి వచ్చాడు. వాడికి సంచినిండా టపాకాయలు కొనిపెట్టినవాణ్ణి నేనే. సందెవేళ మా వైపు ఆచారం ప్రకారం గోగుకాడలకు గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, గుమ్మంముందు దిబ్బు కొట్టాం. అంతసేపూ మోతి మా పక్కనే తోక ఆడిస్తూ నిలబడింది. వెలుగంటే దానికి భయం లేదు. ఇంతలో వీధిలో ఎవరో తాటాకు టపాకాయ పేల్చారు. మోతి ఒక్క పరుగున వెళ్లి మంచం కింద దూరింది.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. "ఛీ, పిరికిదానా! వీధిలో ఇన్ని కుక్కలున్నాయి. నీకొక్కదానికేనా భయం?" అని కసిరి, దాన్ని బయటికి లాగి అరుగు మీది స్తంభానికి కట్టేశాను. నాలుగు మోతలు వింటే అదే అలవాటు పడుతుందనుకొన్నాను. మనవడు ఒక పెద్ద బాంబు ముట్టించాడు. ఆ మోత కోటగోడకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది. ఒక్క టపాకాయకు రెండు పేలుళ్లు! మోతి తాడు తెంచుకొని చీకట్లోకి పారిపోయింది.

రాత్రి పన్నెండు గంటలదాకా వెతికాం. మర్నాడు తెల్లవారగానే మూడు లాంతర్లు, గంటస్తంభం, పెద్దచెరువు గట్టు, రైలుస్టేషను అన్నీ తిరిగాం. మోతి జాడ లేదు. మనవడు అన్నం ముట్టలేదు. మిగిలిన టపాకాయల సంచి వంక చూడనైనా చూడలేదు. "నేను కాల్చినదానికే పోయింది, తాతా" అన్నాడు. కట్టేసింది నేను, తప్పు తనదని వాడు ఏడుస్తున్నాడు!

రెండోనాడు నెల్లిమర్ల వెళ్లే దోవలో, ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరాన, వరిచేల గట్టున గొర్రెలు కాస్తున్న ముసలాయన కనిపించాడు. "కుక్కకోసమా బాబూ? తూము కింద ఒకటి నక్కి ఉంది. ఎంత పిలిచినా రాదేటి!" అన్నాడు. అది మోతే. కాళ్లు చీరుకుపోయి, ఒళ్లంతా బురదయి ఉంది. నేను పిలిస్తే వెనక్కి జరిగింది. మనవడు తూము ముందు కూర్చుని మెల్లగా మాట్లాడుతూ పోయాడు. అరగంటకు పాక్కుంటూ వచ్చి వాడి ఒళ్లో తల పెట్టింది.

మర్నాడు మనవణ్ణి దిగబెట్టడానికి మోతిని కూడా కారెక్కించుకొని శ్రీకాకుళం బయలుదేరాం. సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం. రణస్థలం దాటుతూ ఉండగా వాడు హఠాత్తుగా, "తాతా! రేపు నాగుల చవితి గదా? మళ్లీ కాలుస్తారే!" అన్నాడు. నా గుండె గతుక్కుమన్నది. తక్కిన జిల్లాల పిల్లలకు ఇది తెలియకపోవచ్చు. మా వైపు దీపావళికి కొన్న టపాకాయల్లో కొన్ని దాచి, నాలుగోనాడు, పుట్టలో పాలుపోసి వచ్చిన సాయంత్రం, కాలుస్తారు. అంటే మా కుక్కలకు ఒక గండం కాదు, రెండు గండాలు!

అందుచేత నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లోకి వెళ్లగానే ముందు పశువుల డాక్టరుగారి దగ్గరికి పోయాం. ఆయన మోతి గాయాలకు కట్టుకట్టి, మా కథంతా విని నవ్వలేదు. "మాస్టారూ, ఈత రాని పిల్లవాణ్ణి నూతిలో తోస్తే వాడికి ఈత వస్తుందా, నీళ్లంటే భయం వస్తుందా?" అని మాత్రం అడిగారు. తరువాత ఇట్లా వివరించారు.

మనిషి చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనాల వరకు గల ధ్వనులను వింటుంది. కుక్క చెవి సుమారు 45,000 కంపనాల వరకు వింటుంది. మనకు అందని సన్నని చప్పుళ్లు కూడా దానికి అందుతాయి. మనం మామూలుగా మాట్లాడుకొనే మాట 60 డెసిబెల్సు ఉంటుంది. టపాకాయ పేలినచోటికి 4 మీటర్ల దూరంలో మోత 125 డెసిబెల్సు మించరాదని మన దేశపు నిబంధన. ఆ హద్దులో ఉన్నా అది ఎంత పెద్ద మోతో చూడండి! పైగా వత్తి ముట్టించినవాడికి పేలుతుందని ముందే తెలుసు. కుక్కకు తెలియదు. మోత ఎక్కడినుంచి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు. అందుకే అది వణుకుతుంది, రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, తోక కాళ్ల మధ్య ముడుచుకొంటుంది, ఇష్టమైన తిండి కూడా ముట్టదు. అది పెంకితనం కాదు.

ఆ భయం త్వరగా పోదు కూడా. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. 1924లో లెనిన్‌గ్రాడ్‌లో వరద వచ్చి, ఆయన కుక్కలుండే గదుల్లోకి నీళ్లు చేరాయి. మనుషులు వాటిని ఎట్లాగో ఈదించి బయటికి తెచ్చారు. వరద తీసి చాలా రోజులయ్యాక కూడా, తలుపు కింద నుంచి సన్నని నీటిధార కనిపిస్తే చాలు, వాటిలో కొన్ని మళ్లీ బెదిరిపోయాయి. అరుగు స్తంభం దగ్గర మా మోతికి నేను నేర్పిన పాఠం అటువంటిదే!

చవితి సాయంత్రం డాక్టరుగారు చెప్పినట్టే చేశాం. పొద్దుండగానే మోతిని నడిపించి తెచ్చి, అన్నం పెట్టాం. మెడపట్టీకి మా ఫోను నెంబరు కట్టాం. వీధితలుపు గడియ వేశాం. ఇంటి నడిమి గదిలో కిటికీలు మూసి, దుప్పట్లు వేలాడదీసి, మంచం కింద పాతచీర పరచి, నీళ్లు పెట్టాం. రేడియో పాడుతూనే ఉంది. మోతి మంచం కింద దూరితే ఎవరూ బయటికి లాగలేదు. భయపడే కుక్కను దువ్వితే భయం ఇంకా పెరుగుతుందని కొందరు అంటారు. అది నిజం కాదట. మనవడు నేలమీద పడుకొని, చెయ్యి మంచం కిందికి చాచి, గంటన్నరసేపు దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. వీధిలో పిల్లలు పిలిచినా పోలేదు.

భయం మరీ ఎక్కువైన కుక్కలకు డాక్టర్లు మందు ఇస్తారు. మనం వేసుకొనే మాత్రలు మాత్రం ఎన్నడూ వేయకూడదు సుమా!

ఇక అసలు వైద్యం పండుగ వెళ్లాకే మొదలయింది. విజయనగరం తిరిగివచ్చి, రెండు గదుల అవతల ఫోనులో టపాకాయల చప్పుడు వినీ వినబడనంత మెల్లగా పెట్టాను. చప్పుడు వినబడగానే మోతికి ఒక రొట్టెముక్క ఇచ్చాను. రోజూ ఐదు నిమిషాలే. అది నిబ్బరంగా ఉంటే వారానికి కొంచెం పెంచేవాణ్ణి. చెవులు వెనక్కి వాల్చిందంటే నేను తొందరపడ్డట్టే లెక్క, మళ్లీ తగ్గించేవాణ్ణి. వేసవిలో ఉరుములు వచ్చి, రెండు నెలల పాఠం ఒక్క రాత్రిలో పోయింది. మళ్లీ మొదటినుంచి చెప్పాను. ముప్ఫైయేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత మెల్లగా చెప్పిన పాఠం ఇంకొకటి లేదు.

మరుసటి దీపావళికి మనవడు వచ్చాడు. ఈసారి బాంబులు వద్దన్నాడు. కాకరపువ్వొత్తులు, మతాబులు, చిచ్చుబుడ్లు చాలన్నాడు. అంతటితో ఊరుకోక ఇంటింటికీ పోయి, "పెద్దవి దూరంగా మైదానంలో కాల్చండి, పది గంటలకల్లా ముగించండి" అని అడిగాడు. దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి వాడికి నేనే చెప్పాను. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. వీధికుక్కలు తలదాచుకోవడానికి మా అరుగు పక్క గేటు తెరిచి ఉంచాం. నాలుగు వచ్చి పడుకొన్నాయి.

ఇటువంటి మంచిపని ఊరంతా కలిసి చేసినచోటు కూడా ఉంది. తమిళనాడులో కొల్లుకుడిపట్టి ఊరివాళ్లు పక్కనున్న వేట్టంగుడి పక్షుల కోసం ఎన్నో ఏళ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చటం మానుకొన్నారు. మా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చెట్లమీద గూళ్లు కడతాయి. దీపావళి వచ్చేది ఆ పక్షులు అక్కడ ఉండే కాలంలోనే.

మోతి సంగతి ఏమయిందని అడుగుతారు గదూ? భయం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఆ రాత్రి కూడా అది మంచం కిందే ఉంది, రొప్పింది. కాని తొమ్మిది గంటలవేళ బయట మోతలు మోగుతూ ఉండగానే, మనవడి చేతిలోని పెరుగన్నం ముద్ద మెల్లగా అందుకొని తిన్నది. వాడు పరుగున వచ్చి, "తాతా! తిన్నది!" అని అరవబోయి, చటుక్కున నోరు మూసుకొని, నా చెవిలో చెప్పాడు.

మీ వీధిలో కూడా ఒక మోతి ఉండే ఉంటుంది. ఈ దీపావళికి అది ఎక్కడ దాక్కుంటుందో ముందే చూచి పెట్టండి.