సగంలో ఆపిన పుస్తకాలు

మా ఇంటి ఆడవాళ్ళ సంగతి మీకు తెలియదు. ఒకరికి తుమ్మొస్తే నలుగురికీ కబురందాలి. ఇదివరకు ఆ పని ఇన్‌లాండ్ కవర్లు చేసేవి, ఇప్పుడు వాట్సాప్ చేస్తోంది, అంతే తేడా. ఆ వాట్సాప్‌లో నేను రెండేళ్ళుగా నమస్కారాలూ, పిల్లల పుట్టినరోజులకి దీవెనలూ తప్ప మరో ముక్క రాయలేదు. మొన్న వరలక్ష్మీ వ్రతంనాడు మా పెద్దక్కయ్య ఫోను చేసి ఒకటే కేకలు. "ఏమే, ఎక్కడున్నావో, ఏం తింటున్నావో, పొద్దస్తమానం ఏం చేస్తున్నావో చెప్పవేమే? ముగ్గురు అక్కచెల్లెళ్ళం ఉన్నది ఎందుకుటా?" అని. ఆడపడుచుదీ అదే నిష్ఠూరం, తోడికోడలిదీ అదే నిష్ఠూరం. ఒక్కొక్కరికీ ఫోనులో చెబుదామంటే, ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి చెప్పలేదని మళ్ళీ అదో తగువు. అందుకని అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నాను. మీరూ వినండి, పరాయివాళ్ళు కారుగా.

తెలిసిన సంగతులు గబగబా అనేస్తాను. మావారు 2023 మాఘమాసంలో వెళ్ళిపోయారు. ఏడాది తిరిగేదాకా హైదరాబాదులో అబ్బాయి దగ్గరే ఉన్నాను. అబ్బాయీ కోడలూ ఇద్దరూ బంగారం, వాళ్ళని ఒక్క మాటంటే కళ్ళు పోతాయి. కానీ వాళ్ళుండేది పద్నాలుగో అంతస్తు. కూరలు తరిగే మనిషి తరిగిపోయేది, వంటమనిషి వండిపోయేది. మధ్యాహ్నం మూడింటికి బాల్కనీలో కూర్చుంటే కింద మనుషులు మినపగుళ్ళంత కనిపించేవాళ్ళు. "ఏమండీ, పూలెంతకిచ్చాడూ?" అని పలకరించే ఎత్తు కాదది.

అమలాపురంలో ఇల్లు అమ్మేశాం. ఆ డబ్బు వడ్డీ, మావారి పింఛనులో నాకొచ్చే భాగం కలిపి లెక్క వేసుకుని, రాజమహేంద్రవరంలో మేడమీద రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళుంటారు. సాయంత్రం నడిస్తే గోదావరి గట్టు. "కొడుకుండగా ఒంటరిగా ఉండటమేమిటి, నలుగురూ ఏమనుకుంటారు?" అని మా ఆడపడుచు అంది. అనుకునే నలుగురిలో ముగ్గురు మా వాళ్ళే, వాళ్ళకి ఇదే నా జవాబు. నాకు బాగానే ఉంది వదినగారూ. రాత్రిళ్ళు మొదట్లో భయం వేసిన మాట నిజమే. ఇప్పుడు గొళ్ళెం రెండుసార్లు చూసుకుని పడుకుంటున్నాను.

ఇంకోటి, రెండు కళ్ళకీ శుక్లాలు తీయించుకున్నాను. ఆపరేషనయ్యాక మొదట ఆశ్చర్యపోయింది నా చీర చూసే. మూడేళ్ళుగా బూడిదరంగనుకుని కట్టుకుంటున్నది తీరా చూస్తే లేత నీలం! కళ్ళు పసుపుబారిపోయి నీలం రంగు తెలియకుండా పోతుందిట. అన్నాళ్ళూ చాకలిని తిట్టుకున్నాను పాపం.

కళ్ళు బాగుపడ్డాక చేసిన పని గురించే అసలు చెప్పాలనుకున్నది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటకమీది ట్రంకుపెట్టెలో పుస్తకాలు దొరికాయి. దుమ్ము దులుపుతూ చూస్తే వాటిలో పదకొండింటికి మధ్యలో ఏదో ఒక గుర్తు ఉంది. ఒకదాంట్లో నెమలీక, ఒకదాంట్లో చాకలిపద్దు, ఒకదాంట్లో జడపిన్ను. అన్నీ నేను మొదలుపెట్టి వదిలేసినవే. సంక్రాంతినాడు అనుకున్నాను, మళ్ళీ సంక్రాంతికల్లా ఈ పదకొండూ ముగించాలని. అమెరికాలో ఉన్న మనవరాలు విని నవ్వింది. "అమ్మమ్మా, నేను ఏడాదికి యాభై పెట్టుకున్నాను" అంది. యాభై ఏమిటమ్మా, నా పదకొండిటికీ నలభై ఆరేళ్ళ వయసుంది!

నలభై ఆరేళ్ళదంటే 'వేయిపడగలు'. 1979లో పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్నగారు చేతికిచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పోటీలో బాపిరాజుగారి 'నారాయణరావు'తో సమంగా బహుమతి పంచుకున్న నవల అని గొప్పగా చెప్పారు కూడా. మూడొందల పేజీలు దాటానో లేదో, నొప్పులొచ్చాయి. అబ్బాయి పుట్టాడు. అప్పట్నుంచీ పాపం ధర్మారావు సుబ్బన్నపేటలో అలాగే నుంచుని ఉన్నాడు. ఈసారి మాత్రం పట్టుదలగా రోజుకి పాతిక పేజీల చొప్పున చదివాను. నిజం చెప్పొద్దూ, విశ్వనాథవారితో చాలాచోట్ల పోట్లాడాను. పాతదంతా మంచిదేనని ఆయన చెబుతుంటే, ఆ పాతలో తెల్లవారుజామున లేచి మడినీళ్ళు మోసిందెవరండీ అని పైకే అడిగాను. కానీ పుస్తకం వదలబుద్ధి కాలేదు.

బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' ఆగిపోయింది 1986 ఆగస్టులో, గోదావరి వరదకి. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, చుట్టాలొచ్చారు. లంకల్లోంచి పిల్లా పెద్దా పదహారుమంది. తొమ్మిది రోజులు పొయ్యి ఆరలేదు. దయానిధి సంగతి ఎవరికి కావాలి? మాలతీచందూర్‌గారి 'హృదయనేత్రి', ఆవిడకి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిపెట్టిన నవల, 1996 నవంబరు తుఫానులో పైన పెంకులు లేచిపోయి తడిసింది. ఎండబెడితే అప్పడంలా వంకర్లు తిరిగింది. 'ప్రమదావనం' కోసం వారం వారం ప్రభ ఎదురుచూసినదాన్ని, ఆ పుస్తకాన్ని పారెయ్యలేక దాచాను. ఇప్పుడు చదివితే పేజీ తిప్పినప్పుడల్లా కరకరమంటోంది.

ఇలా శ్రావణానికి ఏడు పూర్తయ్యాయి. మిగిలినవాటిలో రెండింటిని ఎందుకు వదిలేశానో పదో పేజీకే తెలిసిపోయింది, అవి చివరికి పెట్టుకున్నాను.

ఎనిమిదోది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. వేదశాస్త్రాల ఇంట పుట్టి, తెలుగు రాయాలని తపించిన మనిషి తన కథ చెప్పుకున్న పుస్తకం. దీంట్లో గుర్తు 212వ పేజీలో ఉంది. పాల కార్డు ముక్క. చూడగానే తెలిసింది, ఈ గుర్తు నాది కాదు.

చివరి మూడు నెలలూ మావారు మంచంమీద ఇదే చదివేవారు. చదివి, తనలో తనే నవ్వుకుని, "ఇదిగో, ఇలా రా, ఈ ముక్క వినిపోదూ" అని పిలిచేవారు. నేను వంటింట్లోంచే "తర్వాత వింటాలెండి, పులుసు పొంగిపోతోంది" అనేదాన్ని. నిజంగా పులుసు పొంగిపోయేదా అంటే, ఒక్కోరోజు పొంగేది, ఒక్కోరోజు లేదు. మందుల వేళలూ, వచ్చేపోయే జనమూ, ఆ మనిషిని అలా చూడలేక వంటింట్లో దాక్కోవడమూ, అన్నీ ఉన్నాయి అందులో.

ఎక్కడనుంచి చదవాలా అని రెండు రోజులు ఆలోచించి మొదటినుంచే పట్టుకున్నాను. పదిహేను పేజీలు తిరిగేసరికి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు. ఇంకో నాలుగు పేజీలకి ఇంకోటి. బాగున్న మాటలకి పెట్టుకున్నారు కాబోలనుకున్నాను. అరవై మూడో పేజీలో టిక్కు పక్కన చీమలాంటి అక్షరాలతో "చెప్పాలి" అని ఉంది. నాకే. ఇంకెవరున్నారు ఇంట్లో?

ఆ పూట వంట చేసుకోలేదు. కింద ఇంటావిడ మజ్జిగన్నం పట్టుకొచ్చింది.

ఇప్పుడు 198వ పేజీలో ఉన్నాను. ఇంతకుముందు రోజుకి పాతిక చదివినదాన్ని ఇక్కడికొచ్చాక రోజుకొకటి కూడా కావడంలేదు. నిన్న చదివిన పేజీనే ఇవాళ మళ్ళీ చదువుతున్నాను. 212 దాటితే టిక్కులుండవు. "ఎన్నయ్యాయమ్మా?" అని అబ్బాయి ఆదివారం ఆదివారం అడుగుతాడు. ఏడేనంటే, "ఇంకా నాలుగేగా, లాగించెయ్" అంటాడు. వాడికి ఈ సంగతి చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటాడు.

అన్నట్టు పెద్దక్కయ్యా, దసరాకి వస్తానన్నావు. తప్పకుండా రా. ఊరగాయలు మొయ్యకు, ఇక్కడ రెండు జాడీలున్నాయి. మంచం ఒకటే, నువ్వు దానిమీద పడుకో, నాకు కింద చాప అలవాటే. నువ్వొచ్చేదాకా ఆ పద్నాలుగు పేజీలూ అలాగే ఉంచుతాను. నీకు పైకి చదివి వినిపిస్తాను. వంటంటావా, తొమ్మిదింటికల్లా చేసేసి స్టవ్వు కట్టేస్తాను.