పక్కన ఒక కుర్చీ

హెర్న్‌డన్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే అడుక్కునే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఏ కంపెనీ, ఏ వీసా, ప్రయారిటీ డేట్ ఎంత, పిల్లలు ఏ స్కూలు. ఈ నాలుగో ప్రశ్న దగ్గరే మాలాంటివాళ్ళకి గొంతు తగ్గుతుంది. స్కూలు పేరు చెప్తే సరిపోదు కదా. ఏ క్లాసు, ఆ క్లాసే ఎందుకు, మాటలు ఎప్పుడొస్తాయన్నారు, మా పెదనాన్నగారి మనవడు కూడా ఐదేళ్ళదాకా మాట్లాడలేదండీ, ఇప్పుడు చూడండి ఐఐటీలో ఉన్నాడు. అడిగేవాళ్ళు మంచివాళ్ళే. కానీ ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకురావాలి, ఆఖర్న వాళ్ళ మొహం చిన్నబోతే మనమే ఓదార్చాలి.

మావాడికిప్పుడు ఏడేళ్ళు. ఆటిజం అని డాక్టరు చెప్పేనాటికి రెండున్నర. ఆ డాక్టరు కన్నా, ఆ మాట పట్టుకుని మర్నాటినుంచి ఏం చెయ్యాలో చెప్పినావిడ నాకు ఎక్కువ గుర్తు. ఆవిడది గుంటూరు. వాళ్ళబ్బాయి మావాడికన్నా పదేళ్ళు పెద్ద. ఈ చుట్టుపక్కల హెర్న్‌డన్, స్టెర్లింగ్, ఆష్‌బర్న్, సెంటర్‌విల్‌లలో ఉండే ఇలాంటి తెలుగు తల్లులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటే, స్నేహితురాలొకామె నన్నందులో చేర్పించింది. నా సంగతంతా రాసుకొచ్చాను. అక్క అయ్యో అనలేదు, ధైర్యంగా ఉండమనీ అనలేదు. "స్కూలు వాళ్ళకి ఉత్తరం రాశావా? ఇవాళే రాయి. తేదీ మాత్రం మర్చిపోకుండా వెయ్యి" అంది.

తేదీ ఎందుకో ఆవిడే చెప్పింది. వర్జీనియాలో సెప్టెంబర్ 30 నాటికి రెండేళ్ళు నిండిన పిల్లలనుంచీ స్పెషల్ ఎడ్యుకేషన్ బాధ్యత పబ్లిక్ స్కూళ్ళదే. పరీక్షలు చెయ్యమని అడిగిన రోజునుంచి 65 పనిదినాల్లోగా పిల్లవాడికి అర్హత ఉందో లేదో తేల్చాలి. ఉందని తేలితే 30 రోజుల్లో ఐఈపీ రాయాలి. ఐఈపీ అంటే ఆ ఏడాది ఏం నేర్పుతారు, వారానికి ఎన్ని నిమిషాల స్పీచ్ థెరపీ ఇస్తారు, అన్నీ రాసి ఉండే కాగితం. దీనికి పైసా ఫీజు ఉండదు. వీసా ఏదని అడగరు. రిలీజ్ ఉన్న రాత్రి లాప్‌టాప్‌లో ఒక పక్క బగ్గులు చూస్తూ, ఇంకో పక్క ఆ ఉత్తరం రాశాను. ఐదు వాక్యాలు.

ఈ హక్కులన్నీ అమెరికాలో మొదటినుంచీ ఉన్నవే అనుకునేదాన్ని. కాదు. 1972కి ముందు, ఇక్కడికి పాతిక మైళ్ళ దూరంలో ఉన్న వాషింగ్టన్ డీసీలోనే ఇలాంటి పిల్లల్ని స్కూలుకి రావద్దని పంపించేసేవాళ్ళు. ఏడుగురు పిల్లల తరఫున కేసు వేశారు. మిల్స్ కేసు అంటారు. మా దగ్గర డబ్బుల్లేవు అని స్కూలు బోర్డు వాదించింది. డబ్బు తక్కువైతే ఆ లోటు అందరిమీదా పడాలి గానీ ఈ పిల్లలమీదే ఎక్కువగా పడకూడదని జడ్జి తీర్పు చెప్పాడు. అదే రోజుల్లో పెన్సిల్వేనియాలో తల్లిదండ్రుల సంఘమొకటి అలాంటి కేసే గెలిచింది. ఈ రెండిటి వెనకే 1975 నవంబర్‌లో దేశం మొత్తానికీ చట్టమొచ్చింది. అప్పటికి పది లక్షలమంది పిల్లలు అసలు పబ్లిక్ స్కూళ్ళ బయటే ఉన్నారని ఆ చట్టంలోనే రాసుకున్నారు. నేను తేదీ వేసి రాసిన ఉత్తరానికి విలువ వచ్చింది అక్కణ్ణుంచే.

ఆ కాలపు తల్లులకి ఇంకో బరువు కూడా ఉండేది. ఆటిజాన్ని మొదట వివరంగా రాసినాయన లియో కానర్, పక్కనే బాల్టిమోర్‌లో, 1943లో, పదకొండుమంది పిల్లల్ని చూసి. తర్వాతి డాక్టర్లు కొందరు కారణం వెతికి వెతికి తల్లి దగ్గర ఆగారు. తల్లికి ప్రేమ లేదు, మంచుగడ్డలా ఉంటుంది, అందుకే బిడ్డ తనలోకి ముడుచుకుపోయాడు అన్నారు. "రిఫ్రిజిరేటర్ మదర్" అని పేరే పెట్టారు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో కూడా ఆ ధోరణిలోనే పెద్ద పుస్తకం రాశాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రైన సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్, ఇది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు, పుట్టుకతో శరీరంలో ఉన్నదని పుస్తకం రాశాడు. దాని చివర ఒక ప్రశ్నాపత్రం పెట్టాడు. దేశం నలుమూలలనుంచీ తల్లిదండ్రులు అది నింపి ఆయనకి పోస్టులో పంపడం మొదలెట్టారు. అలా ఒకరి సంగతి ఒకరికి తెలిసి 1965లో సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘానికి తొలినాళ్ళలో అధ్యక్షురాలైన రూత్ సలివాన్ ఏడుగురు పిల్లల తల్లి. 1975 చట్టం కోసం తిరిగినవాళ్ళలో ఆవిడ ఒకరు. మాకు వాట్సాప్, వాళ్ళకి పోస్టు కవరు. అంతే తేడా.

తల్లినే అనడం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉద్యోగం మానేసుంటే వచ్చేవి మాటలు. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు. ఫోన్ చేతికిచ్చుంటావు. దిష్టి తీయించావా. ఇవన్నీ నేను విన్నవే, గ్రూపులో అందరూ విన్నవే. ఒకరాత్రి ఎవరికి ఏమేం అన్నారో వరసగా రాసుకుంటూ పోయాం. తెల్లవారేసరికి నూట ఇరవై మెసేజీలు. నవ్వీ నవ్వీ కడుపు నొప్పొచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే విన్నప్పుడు ఏడిపించిన మాటే, నలభైమందికీ అన్నారని తెలిశాక అంత బరువుగా లేదు.

అన్నీ నవ్వులే అని చెప్పను. మావాడి ఈడు పిల్లవాడు ఒకడు నాలుగేళ్ళకి "అమ్మా" అన్నాడు. వాళ్ళమ్మ ఆ ఆడియో గ్రూపులో పెట్టింది. మనస్ఫూర్తిగా సంతోషించాను, అభినందనలు పెట్టాను, ఆ తర్వాత బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పది నిమిషాలకి అక్క విడిగా మెసేజ్ పెట్టింది. "ఏడ్చావా? నేనూ ఏడ్చాను." వాళ్ళబ్బాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు ఆపేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి, రెండు భాషలతో పిల్లవాడు తికమకపడుతున్నాడు అని ఒకచోట మాకు సలహా ఇచ్చారు. మా గ్రూపులో స్పీచ్ థెరపిస్టు ఒకావిడ ఉంది. రెండు భాషలు వినడం వల్ల మాట సమస్య రాదనీ, మీకు మనసుకి దగ్గరైన భాషలోనే మాట్లాడమనీ గట్టిగా చెప్పింది. మావాడు టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడతాడు. వాటిలో కొన్నిటికి నా గొంతుతో తెలుగు రికార్డు చేశాను. నీళ్ళు, ఇంకా, వద్దు, అమ్మమ్మ. తెనాలిలో మా అమ్మ వీడియో కాల్‌లోకి రాగానే వాడు ఆ బొమ్మ నొక్కుతాడు. "అమ్మమ్మ" అని నా గొంతు వినపడుతుంది. మా అమ్మ మాత్రం వాడికే "ఏంరా నాన్నా" అని జవాబిస్తుంది.

మొదటి ఐఈపీ మీటింగుకి అక్క నాతో వచ్చింది. పిల్లవాడి గురించి తెలిసినవాళ్ళని తల్లిదండ్రులు వెంట తెచ్చుకోవచ్చని చట్టంలో ఉంది. వచ్చినవాళ్ళకి తెలుసా లేదా అన్నది తేల్చాల్సింది కూడా పిలిచినవాళ్ళే. బల్లకి అటువైపు ఆరుగురు. ఇటువైపు నేను, అక్క, స్పీకర్ ఫోన్లో మా ఆయన. అక్క నోట్‌బుక్ తీసి తేదీ వేసుకుంది. గంటన్నరలో ఆవిడ మాట్లాడింది రెండుసార్లు. మాట మెరుగుపడుతుంది అని లక్ష్యం రాసినచోట, మెరుగుపడిందని ఎలా కొలుస్తారండీ అని అడిగింది. వాళ్ళు విసుక్కోలేదు, అంకెలతో తిరగరాశారు. చివర్న సంతకం దగ్గర తెలుగులో నాతో మెల్లిగా, "ఇవాళే పెట్టక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్ళి చదువుకో" అంది. ఆ రెండు మాటలకన్నా, నేను తడబడినప్పుడు పక్కన కుర్చీలో పెన్ను కదులుతున్న చప్పుడు నాకు ఎక్కువ సాయం చేసింది.

ముందున్నవి చిన్న సంగతులు కావు. వర్జీనియాలో ఇలాంటి పిల్లలకి పెద్దయ్యాక ఆసరా ఇచ్చే మెడికెయిడ్ వెయివర్ కోసం వేలమంది లైన్లో ఉన్నారు. ప్రాజెక్టు కోసం ఇంకో రాష్ట్రానికి మారితే ఆ లైన్లో మళ్ళీ చివరినుంచి నిలబడాలి. 22 ఏళ్ళొచ్చాక పసుపు బస్సు ఇంటిముందు ఆగదు. అక్క ఇంట్లో ఇప్పుడు ఆ లెక్కలే నడుస్తున్నాయి. ఆ ఉత్తరాలు ఎలా రాయాలో ఈసారి అక్కకి మాలో ఎవరికీ తెలియదు. ఆవిడే ముందు నడిచి నేర్చుకుని గ్రూపులో పెడుతోంది.

వచ్చే గురువారం నేను సెలవు పెట్టాను. వరంగల్‌నుంచి వచ్చి ఏడాదైన అమ్మాయి, మూడేళ్ళ పాప, మొదటి మీటింగు. ఇంగ్లీషు బాగానే వచ్చు, కానీ ఏడుపొస్తే ఏ భాషా రాదక్కా అంది.

మీకు తెలిసినవాళ్ళలో ఇలాంటి తల్లి ఎవరైనా ఉంటే, ఏం మాట్లాడాలో తోచకపోతే, ఐఐటీలో చేరిన మనవడి కథ చెప్పకండి. మీటింగు ఎప్పుడు, నేను రానా అని అడగండి. నోట్‌బుక్ పట్టుకెళ్ళండి.