దుంపలకో రాతిమాళిగ

కంద తవ్వుకోవడానికి మనకి తొందర ఉండదు. పెరట్లో దుంప ఇవాళ కాకపోతే వచ్చే నెల తవ్వుకోవచ్చు, అప్పటిదాకా దాని బాధ్యత నేలది. కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఈ వెసులుబాటు లేదు. చలికాలంలో అక్కడ పైమట్టి గడ్డకట్టి గునపానికి లొంగదు. అందులో చిక్కుకున్న బంగాళాదుంపా గడ్డకడుతుంది, మంచు విడిచాక నీరోడుతూ కుళ్లిపోతుంది. అందుకే అక్కడివాళ్లు చలి ముదరకముందే దుంపలన్నీ తవ్వి తీసి, మళ్లీ నేలలోకే చేర్చారు. కాకపోతే ఈసారి ఇంకాస్త లోతుకి, చుట్టూ రాతిగోడ కట్టి.

ఆ దీవిలోని బోనవిస్టా ద్వీపకల్పం మీద ఎలిస్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఇలాంటి నేలమాళిగలు 130కి పైగా ఉన్నాయి. వాటిలో 1839 నాటిది కూడా ఉందంటారు. దూరం నుంచి చూస్తే గడ్డి మొలిచిన దిబ్బలే, దిబ్బకి తలుపేమిటా అని ఆశ్చర్యపోయేలా ఉంటాయి. బంగాళాదుంప, టర్నిప్, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ అక్టోబరు ప్రాంతంలో లోపలికి వెళ్లి వసంతం దాకా ఇంటిల్లిపాదికీ కూరలయ్యేవి. చేపల వేటే ఆ ఊరికి బతుకు. 1992లో ప్రభుత్వం కాడ్ చేపల వేట మీద నిషేధం పెట్టేసరికి ఆ బతుకుకి దెబ్బ తగిలింది. తర్వాత ఆ ఊరు ప్రపంచంలోని దుంపల మాళిగలకి రాజధానినని తనే ప్రకటించుకుంది. పోటీకి వచ్చేవాళ్లెవరుంటారు కనుక! ఊరి చివర కొండచరియ మీద పఫిన్ పక్షులు కూడా మట్టిలో బొరియలు తవ్వుకునే కాపురం చేస్తాయి. వాటిని చూడటానికి వచ్చే యాత్రికులు మాళిగల్లోకీ ఓసారి తొంగిచూసి పోతారు.

ఆ మాళిగల్లో నాకు ముచ్చటేసేది రాతిగోడ. సున్నమూ సిమెంటూ లేకుండా కట్టే పద్ధతి చూడండి. ముందు వాలు నేల చూసుకుని అందులోకి తవ్వాలి, నీరు దానంతటదే పల్లానికి పోవాలి. అడుగున ఇద్దరు పట్టి దొర్లిస్తే గానీ కదలని బండలు. ఆ పైన ప్రతి రాయీ కింది వరసలో రెండు రాళ్లని తొక్కిపట్టాలి, అతుకు మీద అతుకు పడితే గోడ అక్కడే చీలుతుంది. మధ్యమధ్య పొడుగాటి రాయిని అడ్డంగా, తోక మట్టిలోకి దిగేలా పెడతారు. పైకి వెళ్లేకొద్దీ గోడ వెనక్కి, కొండ వైపుకి, కాస్త వాలాలి. నిటారుగా లేపితే వెనక మట్టి బరువుకి ఏదో ఒకనాడు లోపలికి పొట్ట వేస్తుంది. గోడకీ మట్టికీ మధ్య సందులో పిడికెడు పిడికెడు రాళ్లు కూరుతారు. ఎవరికీ కనపడని ఆ చిల్లరాళ్ల పనిలోనే మేస్త్రి పనితనం ఉంది. మంచు కరిగిన నీరు వాటి సందుల్లోంచి జారిపోతుంది. దారి లేకుండా బిగించి కడితే ఆ నీరే గోడ వెనక నిలిచి, గడ్డకట్టి ఉబ్బి, రాళ్లని మాళిగలోకి తోస్తుంది.

పైకప్పు మీద మట్టి, దాని మీద గడ్డితో సహా పెకలించి తెచ్చిన పెళ్లలు. తలుపులు మాత్రం రెండు, మధ్య చిన్న వసారా. లోపలికి వెళ్లేవాడు మొదటి తలుపు మూశాకే రెండోది తీయాలి. లేకపోతే చలిగాలి కూడా అతనితో పాటే లోపలికొస్తుంది.

ఇంత చేసినా అసలు పని చేసేది నేలే. కొన్ని మీటర్ల లోతుకి వెళితే ఎండా చలీ పెద్దగా తెలియవు, ఆ చోటి ఏడాది సగటు వేడి మాత్రం నిలకడగా ఉంటుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో అది సుమారు 5 డిగ్రీలు. మాళిగ అంత లోతు ఉండదు కనుక చలికాలంలో ఇంకాస్త తగ్గుతుంది, కానీ గడ్డకట్టదు. మట్టి నేల చెమ్మని పట్టి ఉంచుతుంది కాబట్టి క్యారెట్లు వడలవు. చీకట్లో బంగాళాదుంప పచ్చబడదు. మరీ చల్లబడితే మాత్రం దానిలోని పిండి చక్కెరగా మారి కూర తియ్యగా అఘోరిస్తుంది. ఆపిల్ పళ్లని వేరే చోట పెట్టాలి. అవి వదిలే ఇథిలీన్ సోకితే క్యారెట్ చేదెక్కుతుంది. దుంపలు తవ్వి తీశాక కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. అందుకని కప్పులోంచి ఓ గాలిగొట్టం తప్పనిసరి.

మన పాతరది దీనికి పూర్తిగా తలకిందుల లెక్క. హైదరాబాదులో ఏడాది సగటు 26, 27 డిగ్రీలు. ఎంత లోతుకి తవ్వినా ఆ వేడికి బంగాళాదుంప మొలకలెత్తుతుంది. అందుకే మనవాళ్లు నేలలో దాచింది దుంపల్ని కాదు, ఎండిన జొన్నల్ని. గట్టి నేల చూసి గొయ్యి తీసి, చుట్టూ గడ్డి పరిచి, గింజ నింపి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. ఇందులోకి గాలి చొరబడకూడదు. లోపల పడ్డ పురుగే ఉన్న ప్రాణవాయువు కాస్తా పీల్చేసి, బొగ్గుపులుసు గాలి వదిలి, చివరికి తనే ఊపిరాడక చస్తుంది. మూత తీయగానే దిగితే మనిషికీ అదే గతి. అందుకే దీపం కట్టి దించి, అది ఆరిపోకపోతేనే దిగేవాళ్లు. గోడ పక్కన గింజలకి కొంచెం ముక్కిన వాసన తగిలేది. కరువు రోజుల్లో దానికి వంక పెట్టేవాడెవడు?

ఈమధ్య ఊరి బయట తోట కొనుక్కున్నవాళ్లకి వీడియోలు చూసి ఈ మాళిగల మీద మోజు పుడుతోంది. తవ్వించుకుంటానంటే కాదనను. వేసవి మధ్యాహ్నం కూర్చోవడానికి హాయిగానే ఉంటుంది, కూరగాయలకి మాత్రం ఫ్రిజ్ కొనుక్కోక తప్పదు. రాతి పని మీదే మోజైతే ఆ తోటలో ఒర కూలిన పాత బావి ఉందేమో ముందు చూసుకోమంటాను. అక్కడా మట్టిని ఆపేది ఇలా పేర్చిన రాళ్లే. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రులు ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు, పిలిస్తే వస్తారు.