యోసెమిటీలో కరెంటు లెక్క

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకు ఆర్.వి.లో, అంటే పడకలూ వంటగదీ ఉన్న బండిలో, వెళ్ళేవారు జలపాతాలకంటే ముందు కరెంటు సంగతి తెలుసుకోవాలి. అక్కడి విడిదుల్లో బండికి తగిలించుకునే కరెంటు లేదు. జనరేటరు వేసుకోవచ్చు గాని ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే. మిగతా వేళల్లో నది చప్పుడు హాయిగా వినవచ్చు, అది వేరే సంగతి.

అక్టోబరు రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. హీటరు మండేది గ్యాసుతోనే అయినా దాని ఫ్యాను తిరిగేది బ్యాటరీతో. ఫ్యాను 7 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, రాత్రి మొత్తంమీద 5 గంటలు తిరిగినా 35 ఆంపియర్-గంటలు హరీ! 100 ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అందుకే ఉదయం 7 కొట్టగానే జనరేటరు వేయాలి. దిగిపోయిన బ్యాటరీ మొదట గబగబా తాగుతుంది. 80 శాతం దాటాక చుక్కచుక్కగా తీసుకుంటుంది. ఆ మిగతాది సోలారు పలక నింపుతుందిలే అనుకుంటారు, కానీ ఆ లోయలో కొండల నీడ, పెద్ద చెట్లు.

పచ్చడి రుబ్బుకోవడం కూడా జనరేటరు వేళల్లోనే. ఇక్కడి 230 వోల్టుల మిక్సీ మోసుకెళ్ళకండి, అక్కడివి 120 వోల్టులు. అన్నం గ్యాసు మీదే వండుకోండి. సాయంత్రం 7 లోగా ఫోన్లు, టార్చిలైట్లు ఛార్జి చేసుకుంటే, ఇక రాత్రంతా బ్యాటరీ ఆ ఫ్యానుకే.