హోలీ అంటే రంగులేనా? మన తాండా ధూండ్ గురించి కొన్ని మాటలు

 

ఫాల్గుణ మాసం వచ్చిందంటే మన గ్రూపులో రెండు రకాల పోస్టులు పడతాయి. ఒకటి రంగులు పూసుకున్న ఫోటో మీద 'హ్యాపీ హోలీ'. రెండోది 'హోలీ మన పండగ కాదు, గిరిజనులు చేయకూడదు' అని. రెండు రోజులు కొట్లాట నడుస్తుంది. మూడో రోజు అందరూ మర్చిపోతారు. పాత చిత్తూరు జిల్లా పడమటి వైపు తాండాల నుంచి తిరుపతికొచ్చి చదువుకుంటున్న సుగాలీ పిల్లలం కొందరం కూర్చుని, ఈసారి కొట్లాట పక్కనపెట్టి అసలు ఈ పండగలో ఏముందో, మా ఇండ్లల్లో ఏం జరుగుతుందో రాద్దామనుకున్నాం. కొంచెం పెద్ద పోస్టే. ఓపిగ్గా చదవండి.

ముందు అందరికీ తెలిసిన కథలు. హోలీ ఫాల్గుణ పౌర్ణమికి వస్తుంది. ఉగాదికి సరిగ్గా పక్షం ముందు. చలి పోయి ఎండ ముదిరే కాలం, మోదుగు చెట్టు ఆకు రాల్చి ఒళ్లంతా పువ్వయ్యే కాలం. హిరణ్యకశిపుడి చెల్లెలు హోలిక పసివాడు ప్రహ్లాదుణ్ణి ఒళ్లో పెట్టుకుని మంటలో కూర్చుంటే పిల్లోడు బతికి ఆమె కాలిపోయిందని ఒక కథ. శివుడు మూడో కన్ను తెరిచి మన్మథుణ్ణి బూడిద చేశాడని ఇంకో కథ. తెలుగోళ్లు దీన్ని కాముని పున్నమి అనేది ఈ రెండో కథను బట్టే.

ఈ కథల్లో మనమెక్కడ అని అడిగేవాళ్లకు ఒక మాట. నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి చంపిన చోటు మన రాయలసీమలోని అహోబిలమే అని నమ్మకం. చంపిన తర్వాత కూడా కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామిని చెంచుల ఆడబిడ్డ చెంచులక్ష్మి పెండ్లాడి శాంతపరిచిందని చెప్తారు. అందుకే ఆయన చెంచులకు అల్లుడు. సంక్రాంతి అప్పుడు పారువేటకు బయల్దేరే స్వామి పల్లకీ నెలకు పైగా చుట్టుపక్కల ఊర్లన్నీ తిరుగుతుంది. ఆ తర్వాత ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు. అంటే పురాణాల పండగలో కూడా అడవి బిడ్డలు ఎక్కడో మూలన లేరు, ఇంటి చుట్టాలుగా ఉన్నారు. 'ఇది వాళ్లది, అది మనది' అని గీత గీయడం అంత సులువు కాదు.

తిరుపతిలో అయితే హోలీ పెద్ద పండగ కాదు. అదే పౌర్ణమికి కొండ మీద స్వామి పుష్కరిణిలో ఐదు రోజుల తెప్పోత్సవాలు ముగుస్తాయి. 2025లో మార్చి 9 నుంచి 13 దాకా తెప్పలు జరిగితే, 14న హోలీ వచ్చింది. ఆ తర్వాత నెలకు, చైత్ర పౌర్ణమితో ముగిసేటట్లు మూడు రోజులు వసంతోత్సవం. కింద ఊర్లో మాత్రం హోలీ అంటే ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, కాలేజీ పిల్లోళ్లు, ప్యాకెట్ రంగులు. అందుకే హాస్టల్లో మేం 'హోలీకి ఊరికి పోవాల' అంటే తోటివాళ్లు 'మీరేమన్నా నార్తోళ్లా?' అని నవ్వుతారు. మార్చి అంటే పరీక్షల కాలం కూడా కాబట్టి అడిగినా సెలవు దొరకదు. సంక్రాంతికి ఎవరూ కారణం అడగరు. హోలీకి మాత్రం మేం సంజాయిషీ ఇచ్చుకోవాల.

నిజానికి ఆ తోటివాళ్లకు తెలియనిదేమంటే, సుగాలీలకు తిరుపతి కొత్త కాదు. 1843 నుంచి 1933లో టీటీడీ వచ్చే దాకా తిరుమల గుడి పరిపాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండింది. ఆ మఠానికి మూలపురుషుడు ఉత్తరాది నుంచి వచ్చిన భక్తుడు హథీరాం బావాజీ. శ్రీవారితో పాచికలాడాడని ఆయన కథ. బంజారాలు ఆయన్ను మనవాడనే కొలుస్తారు. దూరపు తాండాల నుంచి కొండకొచ్చే మనవాళ్లు బావాజీకి కూడా దండం పెట్టుకునే పోతారు.

ఇంక మా తాండా హోలీకి వద్దాం. తాండాకూ తాండాకూ తేడా ఉంటుంది, మేం చూసింది రాస్తున్నాం. బయట ఊర్లలో కాముణ్ణి రాత్రి కాలుస్తారు. మా దగ్గర తెల్లారకముందే, చుక్కలుండగానే కాలుస్తారు. నాయక్, కార్భారి, పెద్దలు ముందు నిలబడతారు. పండగ నడిపే మగపిల్లల్ని గేర్యా అంటాం, ఆడోళ్లను గేర్ణి అంటాం. లెంగి పాటలు రోజుల ముందు నుంచే మొదలవుతాయి. మోదుగు పూలను మేం కేసూల అంటాం. అవి తెచ్చి ఉడకబెడితే కాషాయం రంగు దిగుతుంది. మా అవ్వలకు తెలిసిన రంగు అదొక్కటే.

అసలు పండగ ధూండ్. పోయిన హోలీ నుంచి ఈ హోలీ దాకా తాండాలో పుట్టిన మగబిడ్డలకు చేసేది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోబెడతారు. గేర్యాలు చుట్టూ చేరి కట్టెలు తాటిస్తా పాట పాడి, బిడ్డ బాగా పెరగాలని దీవిస్తారు. ఆ ఇంటివాళ్లు తీపి వండి అందరికీ పంచుతారు. తర్వాత వంటల గిన్నెలకు గేర్ణిలు కాపలా, గేర్యాలు లాక్కోవాల. ఆడోళ్ల చేతి కట్టె దెబ్బలు తినకుండా గిన్నె దొరికిన మగోడు మా తాండాలో ఇంతవరకు లేడు. సంవత్సరమంతా మాట పడిన వదినలు ఆ ఒక్కరోజు బాకీ తీర్చుకుంటారు.

మాకు అర్థమైనంతలో ధూండ్ అంటే లెక్క. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరు తిరిగిన జాతి మనది. నిలకడైన ఊరు లేదు, రాసుకునే పుస్తకం లేదు, మన బోలీకి లిపి లేదు. ఏడాదికొకసారి అందరూ మంట దగ్గర చేరి 'ఈ బిడ్డ మనవాడు, వీడికి ఆకలైతే మనందరిదీ బాధ్యత' అని గట్టిగా పాడి చెప్పుకోవడమే మన రిజిస్టరు. హోలిక కథలోనూ మంటలో నుంచి బతికి బయటపడింది ఒక బిడ్డే గదా. పుస్తకం కథా, తాండా ఆచారమూ అక్కడ కలుస్తాయనిపిస్తుంది మాకు.

అయితే ఆ లెక్కలో ఆడబిడ్డ లేదు. మమ్మల్ని కుదురుగా కూర్చోనియ్యనిది ఇదే. 1999లో, 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత పేరుతో లంబాడీ ఆడబిడ్డలను అమ్మిన కేసులు బయటపడి దేశమంతా పేపర్లలో వచ్చింది. పేదరికం ఒక కారణం. కానీ పేదరికం మగబిడ్డ ఉన్న ఇంట్లో కూడా ఉండింది. ఎవరి పేరు మంట దగ్గర పాడలేదో, ఆ బిడ్డ కనిపించకపోతే అడిగేవాళ్లు తక్కువ.

అందుకని రెండేండ్ల కింద మా తాండాలో అడిగాం, ఆడబిడ్డకూ ధూండ్ చేయమని. ఆ ఏడు పుట్టింది ముగ్గురు, ఇద్దరు మగబిడ్డలు, ఒక పాప. పెద్దలు కోప్పడలేదు, కానీ ఒప్పుకోలేదు. 'పాటలో మగబిడ్డ మాటే ఉంది. ఆడబిడ్డ రేపు పెండ్లయి ఇంకో తాండాకు పోతాది. ఈ తాండా లెక్కలో ఎట్ల కలుపుతాం నాయనా?' అన్నారు. మా దగ్గర జవాబు లేకపోయింది. చదువుకున్న మాటలు, సమానత్వం లాంటివి, అక్కడ నిలబడలేదు.

జవాబు చెప్పింది ఒక ముసలి యాడి. మన బోలీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాం. 'మగపిల్లోడు ఈడనే ఉంటాడు. వాణ్ణి ఎవురు మర్చిపోతారు? పోయేదాన్నే గదా గుర్తుపెట్టుకోవాల్సింది. నేను యాభై ఏండ్ల కింద ఈ తాండాకొచ్చినా. నా పుట్టింటోళ్లు నా పేరు ఒక్కసారన్నా పాడింటే, కష్టమొచ్చినప్పుడు ఆ దోవ పట్టేదానికి నాకు ధైర్యం ఉండేది.'

నాయక్ చాలాసేపు మాట్లాడలేదు. మగబిడ్డల ధూండ్ అయిన తర్వాత చేసుకోండి అన్నాడు. కొందరు గేర్యాలు కట్టెలు కింద పెట్టి పక్కకు పోయారు. మిగిలినవాళ్లు పాడారు. పాటలో మాట మార్చాల్సిన చోట ముసలోళ్లే అప్పటికప్పుడు కుదిర్చారు. పోయిన ఏడాది బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయిన ఒక జంట తమ పాపకు ధూండ్ చేయించాలని రెండు రోజుల కూలి వదులుకుని వచ్చారు. మేం అడగలేదు, వాళ్లే వచ్చారు. పక్కకు పోయిన గేర్యాల్లో ఒకరిద్దరు ఇంకా పక్కనే ఉన్నారు. వాళ్లతో మాట తెంచుకోలేదు.

కాబట్టి హోలీ చేయాలా వద్దా అనేదానికి మేం చెప్పేది ఇది. డీజే, సీసా, దోవలో పోయే ఆడపిల్ల మీద బలవంతంగా రంగు, ఇవి ఎవరి పండగైనా మాకొద్దు. ధూండ్, లెంగి, గేర్ణి చేతి కట్టె, కేసూల రంగు, ఇవి పోతే మళ్లీ రావు. లెంగి పాటలు వచ్చిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే పోతున్నారు. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి, ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక్క పాటన్నా పూర్తిగా రికార్డు చేయండి. పాడినోళ్ల పేరు, తాండా పేరు కూడా చెప్పించండి.

ఇంకొకటి. మన జిల్లాలో ఎస్టీలం 2011 లెక్కల్లో నూటికి నలుగురం కూడా లేము. అందులోనే సుగాలీ, యానాది, ఎరుకల అని విడివిడిగా ఉన్నాం. మా హాస్టల్లో యానాది తమ్ముడొకడు అన్నాడు: 'ఉగాదికి టౌన్లో పచ్చడిలోకి వేపపువ్వు, తలుపుకు మామిడాకు తెచ్చి అమ్మేది మా అమ్మోళ్లు. మా ఇంట్లో పండగ మాత్రం అమ్ముడుపోయినాక సాయంత్రం.' ఆ సాయంత్రం పండగ గురించి ఎవరూ రాయలేదు. ఎరుకల అన్నలు, అక్కలు కూడా మీ ఇండ్లల్లో ఈ కాలంలో ఏం చేస్తారో రాయండి.

సుగాలీ పిల్లలూ, మీ తాండాలో ధూండ్ ఇంకా జరుగుతా ఉందా, ఆడబిడ్డకు చేస్తారా, చేయకపోతే పెద్దలు ఏమంటారు, కింద చెప్పండి. వచ్చే ఫాల్గుణానికి మా తాండాలో ఇప్పటికి ఇద్దరు పుట్టారు. ఇద్దరూ ఆడబిడ్డలే. మగబిడ్డల తర్వాత అనే షరతు ఈసారి ఎట్లా పెడతారో చూడాల.