మేడమీద పొడులు

తెనాలిలో మా అక్క మూడేళ్ళుగా ఇంట్లోనే పొడులు చేసి అమ్ముతోంది. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు కారం, నల్లకారం. కొనేవాళ్ళు డబ్బాలు వాళ్ళే తెచ్చుకుంటారు, నింపించుకుని పోతారు. పేరుతో ఎప్పుడూ పని పడలేదు. ఈ ఏడు సంక్రాంతి వెళ్ళాక, వాళ్ళు అద్దెకుంటున్న మేడ కింద ముందుగది ఖాళీ అయింది. ఇంటాయన "నువ్వే తీసుకోమ్మా" అన్నాడట. ఆ రాత్రే అక్క ఫోన్ చేసింది. "కొట్టు పెడుతున్నా తమ్ముడూ. నీకు మాటలు తెలుసుగా, మంచి పేరొకటి చూడు" అంది.

పసిబిడ్డ పేరుకైతే దారి ఉంది. నక్షత్రం మొదటి అక్షరం ఇస్తుంది, తాత పేరో నాయనమ్మ పేరో ఎలాగూ ఉండనే ఉంటుంది. బియ్యంలో రాసి, చెవిలో చెబితే అయిపోయింది. కొట్టుకు అలాంటి దారేదీ లేదు. పైగా బిడ్డ పేరు ఇంట్లోవాళ్ళు పిలుచుకోవడానికి, కొట్టు పేరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు పిలవడానికి. ఆ సంగతి నాకు మొదట్లో తట్టలేదు. అందమైన మాట కోసం వెతికాను.

ముందు బోర్డులు చదువుకుంటూ తిరిగాను. వీధికొక శ్రీ వెంకటేశ్వర, వీధికొక శ్రీ లక్ష్మి, శ్రీ సాయి. వీటిని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళంటే నాకు కష్టంగా ఉంటుంది. అప్పుచేసి సరుకు దింపి, రేపు ఎవరైనా గడప తొక్కుతారో లేదో తెలియని మనిషి, చేయి చాచి పట్టుకునే మొదటి పేరు అది. పద్దుల పుస్తకంలో పైన 'శ్రీ' రాసి మొదలుపెట్టిన చేతులే బోర్డు మీదా రాశాయి. అయితే అది అందరి పేరు, ఒక్కరిది కావడం కష్టం. అగరువత్తులకు 'రామాయణ్' అన్న పేరును ఒక వ్యాపారి తనకే నమోదు చేయమని అడిగితే, పవిత్ర గ్రంథం పేరు మీద ఎవరికీ గుత్తహక్కు ఉండదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. సరైన మాటే అనిపించింది.

తరవాత 'అండ్ సన్స్', 'బ్రదర్స్'. అక్కకు ఉన్నది ఒక్కతే కూతురు, ఇంటర్ చదువుతోంది. ఎన్ని బజార్లు తిరిగినా కూతుళ్ళ పేరుతో బోర్డు నాకు ఒక్కటీ కనబడలేదు. దుకాణాల్లో జల్లెడ పట్టిన చేతులు, మూటలు కట్టిన చేతులు, లెక్కలు రాసిన చేతులు ఎన్ని ఆడపిల్లలవో ఆలోచిస్తే ఆ లోటు గుచ్చుకుంటుంది.

ఊరి పేరు కలుపుదామా అనుకున్నాను. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవం ఊళ్ళో చేసేవాళ్ళందరిదీ, ఏ ఒక్క కొట్టుదీ కాదు. 'తెనాలి పొడులు' అని ఈరోజు అక్క రాస్తే రేపు ఎదురింటివాళ్ళూ రాయొచ్చు, తప్పనడానికి లేదు.

ఊరి పేరంటే హైదరాబాదులోని కరాచీ బేకరీ గుర్తుకు రాకమానదు. దేశ విభజనలో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దాన్ని తెరిచాడు. పోగొట్టుకున్న ఊరిని బోర్డు మీద రాసుకున్నాడు. ఇల్లు పోయినవాడికి మిగిలేది పేరే కదా. అరవయ్యారేళ్ళ తరవాత, 2019 ఫిబ్రవరిలో, బెంగళూరు ఇందిరానగర్ శాఖలో, అది పాకిస్తాన్ ఊరి పేరని కొందరు గొడవ చేయడంతో, ఆ పేరు మీద గుడ్డ కప్పాల్సి వచ్చింది. పండ్ల బిస్కెట్ల డబ్బా మీద ఆ మాట చూసినప్పుడల్లా నాకు వినబడేది శత్రుదేశం కాదు, తిరిగి చూడలేని వీధి. అలా వినబడనివాళ్ళూ ఉంటారని ఆయన 1953లో ఎలా ఊహించగలడు?

ఇక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన తలనొప్పి మందుకు అమృతాంజనం అని పేరు పెట్టారు. అమృతం, అంజనం రెండూ సంస్కృతం మాటలే, కానీ చదువురాని అవ్వ నోట కూడా తడబడకుండా పలుకుతాయి. మా ఇంట్లో ఏ కంపెనీ డబ్బా కొన్నా "ఆ అమృతాంజనం ఇటివ్వు" అనే అడిగేవాళ్ళు. ఇంటింటి మాటగా మారిపోయిన పేరుకు అంతకన్నా ఏం కావాలి!

ఇవన్నీ చూశాక, ఒక ఆదివారం మధ్యాహ్నం నాకో మాట దొరికింది. కుందెన.

రోట్లో దంచేటప్పుడు గింజలు చింది నేలపాలు కాకుండా రోటి నోటి చుట్టూ పెట్టే చట్రం అది. మా అమ్మ మిరపకాయలు దంచేటప్పుడు ముందు కుందెన దించి, కొంగు నోటికి అడ్డం కట్టుకుని, అప్పుడు రోకలి ఎత్తేది. దంపుడయ్యాక కుందెన లోపలి అంచుకు అంటుకున్న కారాన్ని చీపురుపుల్లలతో దులిపి మళ్ళీ రోట్లో కలిపేది. గోరంత కూడా పోనిచ్చేది కాదు. అక్క పొదుపంతా అక్కడిదే. ఈ మాట ఎక్కడా బోర్డు మీద చూడలేదు. పలకడానికి మూడక్షరాలు. మా మేనకోడలికి చెప్పి చూశాను. "అంటే ఏంటి మావయ్యా?" అంది. అర్థం చెబితే కళ్ళు పెద్దవి చేసింది. కొన్న ప్రతి ఒక్కరికీ ఇలా చెప్పొచ్చు, మాట బతుకుతుంది అనుకున్నాను.

లెక్కలు చూసే మిత్రుడి దగ్గరికి వెళ్ళాను. ట్రేడ్‌మార్క్ సంగతి ఆయన విడమరిచి చెప్పాడు. సరుకులూ సేవలూ కలిపి నలభై ఐదు తరగతులు. పొడులు, మసాలాలు ముప్పయ్యో తరగతి, పచ్చళ్ళు ఇరవై తొమ్మిది. ఆన్‌లైన్లో పెట్టుకుంటే చిన్న వ్యాపారికి తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి పదేళ్ళు నడుస్తుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. 'కమ్మని పొడులు', 'రుచికరం' లాంటివి సరుకు గుణం చెప్పే మాటలు, అవి ఒక్కరికే కట్టబెట్టరు. ఇంకో సంగతి చెప్పాడు, అది మనసులో నాటుకుపోయింది. 'అమృతధార' అన్న మందు ఉండగా 'లక్ష్మణధార' అని మరొకరు నమోదుకు వచ్చారు. ఆ తగవు 1962లో సుప్రీంకోర్టులో తేలింది. అక్షరం అక్షరం పక్కన పెట్టి పోల్చకూడదని, ఎప్పుడో విన్న పేరు సగం సగం గుర్తున్న మామూలు మనిషి కొట్టుకొచ్చి అడిగితే పొరబడతాడా లేదా అన్నదే చూడాలని కోర్టు అంది. అంటే చట్టం కూడా పేరును కంటితోనే కాక చెవితోనూ, అదీ మామూలు మనిషి చెవితో తూస్తుంది.

ఆ చెవి పట్టుకునే తెనాలి వెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర ధనియాలు వేయిస్తోంది. కుందెన అని చెప్పగానే గరిట ఆపింది. "అమ్మ గుర్తొచ్చిందిరా" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఇంతలో కింద నుంచి ఓ కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు. డబ్బా చాచి, "మేడమీద కందిపొడి పావుకిలో తెమ్మంది మా అమ్మ" అన్నాడు. వాడు అన్నది మేడ మీదికెళ్ళి తెమ్మందని కాదు. ఆ పొడి పేరే 'మేడమీద కందిపొడి'. వాడు వెళ్ళాక అక్కను అడిగాను. "అందరూ అంతేగా, మేడమీదావిడ, మేడమీద కారం" అంది, అదో విశేషం కానట్టు. సాయంత్రం వచ్చిన ఓ టీచరుగారు ఫోన్లో అక్క నంబరు చూపించారు. 'మేడమీద పొడులు' అని దాచుకున్నారు. ఆవిడ వెంట వచ్చిన మరో ఆవిడ ఫోన్లోనూ అదే. ఎవరూ ఎవరినీ అడగకుండా, మూడేళ్ళలో వీధి వీధంతా ఒకే పేరు పెట్టేసింది.

విజయవాడ గాంధీనగరంలోని బాబాయ్ హోటల్‌కు పేరు అలాగే వచ్చిందంటారు. ఇడ్లీ తినడానికి వచ్చేవాళ్ళు యజమానిని బాబాయ్ అని పిలిచేవారట, ఆ పిలుపే బోర్డెక్కింది. పిలిచేవాళ్ళు ఇంత ప్రేమగా ఇచ్చిన దాన్ని కాదని, నాకు నచ్చిన మాటను వాళ్ళ నోట్లో పెట్టడం న్యాయం కాదనిపించింది. కుందెనను వదులుకోవడం కష్టమైంది. ఆ మాట బతకాలని నాకు ఇప్పటికీ ఉంది.

"కిందికి దిగాక మేడమీద ఏమిటి? అబద్ధం కాదూ?" అని బావ సందేహం. అక్కే జవాబు చెప్పింది. "మెట్లెక్కి వచ్చి కొన్నారు కాబట్టే కిందికి దిగగలిగాం. ఆ మెట్లు మర్చిపోకూడదు." మిత్రుడికి ఫోన్ చేస్తే, సరుకు గుణం చెప్పే మాట కాదు కాబట్టి నమోదుకూ అవకాశం బాగానే ఉందన్నాడు.

ఇంగ్లీషు అక్షరాల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. చెల్లింపుల స్టిక్కర్‌కు, బ్యాంకు ఖాతాకు ఆ అక్షరాలే కావాలి. ఇన్నాళ్ళూ స్కాన్ చేసినవాళ్ళకు బావ పేరు కనబడేది, "ఇదేనా అండీ?" అని అడిగాకే డబ్బు పంపేవాళ్ళు. ఇప్పుడు కొట్టు పేరుతోనే ఖాతా తెరవాలి. మామూలుగా రాస్తే 'మేడ' కాస్తా 'మెడ' అని చదువుతున్నారు. పక్కవీధి పెద్దాయన సంఖ్యాశాస్త్రం చూసి చివర ఒక అక్షరం పెంచమన్నారు. ఆయన అభిమానం పెద్దది, కాదనడానికి అక్క చాలా ఇబ్బంది పడింది. కానీ పేరు విన్న పరాయి ఊరి మనిషి, విన్నది విన్నట్టే కొట్టి వెతుకుతాడు. పలకని అక్షరం అతన్ని దారి తప్పిస్తుంది. అక్షరం పెంచాం, చివర కాదు, మొదట్లో, 'మే' సాగడం కోసం.

మొన్న బుధవారం పెయింటర్ వచ్చాడు. తెలుగు పైన, పెద్దగా. 'మ' రాసి, పైన ఏత్వం తీసి, దూరం జరిగి చూసుకున్నాడు. అక్క రోడ్డు దాటి అవతలి అరుగు మీద నిలబడింది. "ఏత్వం ఇంకాస్త పైకి తిప్పు బాబూ, అక్కణ్ణుంచి కనబడాలి" అని కేక వేసింది. అతను కుంచె మళ్ళీ ముంచాడు.